కేబుల్ పనిచేయదు, 6.43 జీబీ వీడియో ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి రావాలి, రేపు పొద్దున లోపు

వెన్నెలబాట · రాత్రి 8:10

అందరికీ నమస్కారం. తొందరలో ఉన్నాను, నేరుగా విషయంలోకి వస్తాను.

మా అమ్మమ్మ తన చిన్నప్పటి సంగతులు చెబుతుంటే మామయ్య తన ఫోన్‌లో వీడియో తీశారు. 41 నిమిషాలు, 4కె. ఆయన ఫోన్‌లో సైజు 6.43 జీబీ అని చూపిస్తోంది. అమ్మమ్మకి ఈమధ్య జ్ఞాపకశక్తి బాగా తగ్గిపోతోంది. మళ్ళీ ఇంతసేపు కూర్చుని ఇలా చెప్పగలదో లేదో తెలియదు. అందుకే ఈ వీడియో ఉన్నది ఉన్నట్టుగా నా దగ్గర ఉండాలని పట్టుదల. మామయ్య రేపు పొద్దున ఆరింటికి వెళ్ళిపోతున్నారు.

ఆయనది ఆండ్రాయిడ్, నాది ఐఫోన్. ఆయన ఫోన్ ఛార్జింగ్ పిన్ దగ్గర దెబ్బతింది. ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ కేబుల్ పెడితే ఏ కంప్యూటరూ ఆ ఫోన్‌ని గుర్తించడం లేదు. బ్లూటూత్‌లో రెండు ఫోన్లూ ఒకదాని పేరు ఒకటి చూపించాయి, ఫైల్ మాత్రం పోలేదు. మెసేజింగ్ యాప్‌లో మామూలు వీడియోలా పంపితే వచ్చింది, కానీ అమ్మమ్మ నవ్వినప్పుడు కళ్ళ పక్కన పడే ముడతలన్నీ ఎవరో అలికేసినట్టు ఉన్నాయి. అది నాకొద్దు.

దారి చెప్పండి ప్లీజ్.

రాతిరిరైలు · రాత్రి 8:16

రెండు ఫోన్లలోనూ లోకల్‌సెండ్ అనే యాప్ వేసుకోండి. ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనలు ఉండవు, ఖాతా అడగదు. రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు. ఐఫోన్‌లో యాప్ తెరిచి ఉంచండి, మామయ్య ఫోన్‌లో వీడియో ఎంచుకుంటే మీ ఫోన్ పేరు కనిపిస్తుంది, నొక్కడమే.

సిగ్నల్‌స్తంభం · రాత్రి 8:22

వెన్నెలబాట గారూ, బ్లూటూత్ సంగతి ముందు వదిలేయండి. ఆండ్రాయిడ్‌లో ఉన్న బ్లూటూత్ ఫైల్ షేరింగ్‌ని ఐఫోన్ అసలు స్వీకరించదు. మీ తప్పేమీ లేదు, ఆ తలుపే అక్కడ లేదు. ఒకవేళ ఉన్నా లాభం తక్కువ. బ్లూటూత్‌లో ఫైల్ నడిచేది సెకనుకు దాదాపు 2 మెగాబిట్ల వేగంతో. 8 బిట్లు కలిస్తే ఒక బైట్ కాబట్టి సెకనుకు పావు ఎంబీ అనుకోండి. మీ వీడియోకి ఏడున్నర గంటలు దాటుతుంది.

రాతిరిరైలు చెప్పిన దారి మంచిది. ఒక్కటే జాగ్రత్త: రెండు ఫోన్లూ ఒకే వైఫైలో ఉన్నాయని పేరు చూసి మరీ రూఢి చేసుకోండి.

నల్లబల్ల · రాత్రి 8:25

ఆ మెసేజింగ్ యాప్‌లోనే వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు కదా? నేను పిల్లలకి పాఠాల వీడియోలు అలాగే పంపుతాను.

సిగ్నల్‌స్తంభం · రాత్రి 8:28

నిజమే అండీ, డాక్యుమెంట్‌గా పంపితే యాప్ ఫైల్ జోలికి పోదు. చిన్న వాటికి నేనూ అదే చేస్తాను. కాకపోతే వాట్సాప్‌లో ఒక్క ఫైల్ 2 జీబీకి మించకూడదు. ఇది అంతకు మూడింతలు. ముక్కలు చేసి పంపి మళ్ళీ అతికించడం ఈ రాత్రికి పెట్టుకోవాల్సిన పని కాదు.

వెన్నెలబాట · రాత్రి 8:39

రెండింట్లోనూ లోకల్‌సెండ్ వేశాను. రెండూ మా ఇంటి వైఫైలోనే ఉన్నాయి. అయినా ఒకదానికొకటి కనబడటం లేదు. రెండుసార్లు ఫోన్లు ఆపి ఆన్ చేశాను కూడా. టెన్షన్‌గా ఉంది.

రాతిరిరైలు · రాత్రి 8:41

మామయ్య ఫోన్‌లో వైఫై పేరు అక్షరం అక్షరం చదవండి. చివర గెస్ట్ అని గానీ ఇంకేదైనా గానీ తోక ఉందా?

వెన్నెలబాట · రాత్రి 8:43

ఉంది! ఇంటికి వచ్చేవాళ్ళకి ఇవ్వడానికి పెట్టిన వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ అది. నిన్న ఆయన రాగానే అదే ఇచ్చాను. కానీ రౌటర్ ఒకటే కదండీ?

సిగ్నల్‌స్తంభం · రాత్రి 8:50

రౌటర్ ఒకటే, గదులు రెండు. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టేదే అందుకు. అందులో ఉన్నవాళ్ళకి ఇంటర్నెట్ అందుతుంది గానీ ఇంట్లోని మిగతా ఫోన్లు, కంప్యూటర్లు, ప్రింటర్లు కనబడవు. చాలా రౌటర్లలో గెస్ట్‌లో ఉన్న రెండు ఫోన్లు కూడా ఒకదాన్నొకటి చూసుకోలేవు. ఆఫీసుల్లో, విమానాశ్రయాల్లో ఉండే వైఫై కూడా ఎక్కువగా ఇంతే. యూట్యూబ్ వస్తుంటే అంతా బాగున్నట్టే అనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మామయ్య ఫోన్‌ని మీ అసలు వైఫైలోకి మార్చండి. తర్వాత రెండు ఫోన్లలోనూ వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకల్ని వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) ఉంటే ఆపండి. కొన్ని వీపీఎన్‌లు పక్కనున్న ఫోన్‌కి పోవాల్సిన మాటని కూడా తమ దారిలోకి లాక్కుపోతాయి.

ఐఫోన్‌లో ఇంకొకటి చూడాలి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లోకల్ నెట్‌వర్క్. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) నుంచి, పక్కనున్న పరికరాలని వెతకాలంటే ప్రతి యాప్ ముందు మిమ్మల్ని అడగాలి. ఆ చిన్న కిటికీ మొదటిసారి వచ్చినప్పుడు కంగారులో చాలామంది వద్దని నొక్కేస్తారు. ఆ తర్వాత యాప్ మళ్ళీ అడగదు, ఏమీ కనబడదు, ఎందుకో చెప్పదు కూడా.

వెన్నెలబాట · రాత్రి 9:04

సిగ్నల్‌స్తంభం గారూ, సరిగ్గా అదే చేశాను. వద్దని నొక్కాను. ఇప్పుడు లోకల్‌సెండ్ ఎదురుగా ఉన్న మీట పచ్చగా మార్చగానే రెండు సెకన్లలో మామయ్య ఫోన్ పేరు వచ్చేసింది. పంపడం మొదలైంది! సెకనుకు 2.1 ఎంబీ అంటోంది. ఇంకా 54 నిమిషాలట. పర్వాలేదు, ఎదురుచూస్తాను.

చిన్నచుక్క · రాత్రి 9:08

మీ వీడియో వచ్చేలోపు నాదొక సందేహం, తప్పుగా అనుకోకండి. నా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో పాటలు చక్కగా వినిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే అదే ఇయర్‌ఫోన్స్‌లో గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటాయి. పాడైపోయాయా?

పాతరేడియో · రాత్రి 9:15

పాడవలేదమ్మా. బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక పద్ధతి, ఫోన్ మాట్లాడటానికి ఇంకో పద్ధతి ఉన్నాయి. పాట ఒకవైపే నడుస్తుంది, కాబట్టి ఉన్న దారంతా దానికే. మైకు తెరుచుకోగానే మాట రెండువైపులా వెంటవెంటనే నడవాలి. అప్పుడు ఇయర్‌ఫోన్స్ రెండో పద్ధతికి మారతాయి. అందులో శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లో 16,000 సార్లో మాత్రమే కొలుస్తారు. సీడీ పాటకి 44,100 సార్లు. ఆ తేడాయే నీకు డబ్బాలా వినిపిస్తోంది.

మీటింగ్ సెట్టింగ్స్‌లో మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకుని ఎంచుకుని, వినడానికి మాత్రం ఇయర్‌ఫోన్స్ ఉంచి చూడు. చాలావాటిలో గొంతు వెంటనే తేటపడుతుంది. ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతి ఉంది, అది రెండువైపులా మంచి శబ్దం ఇస్తుంది. కానీ కంప్యూటరూ ఇయర్‌ఫోన్సూ రెండూ దాన్ని ఎరిగినవై ఉండాలి.

చిన్నచుక్క · రాత్రి 9:19

మైకు మార్చి చూశాను అంకుల్. గొంతులు మామూలుగా వస్తున్నాయి! ఏడాది నుంచి ఇలాగే వింటున్నాను. చాలా థ్యాంక్స్.

మబ్బుమూట · రాత్రి 9:20

ఇంత ప్రయాస ఎందుకో నాకు అర్థం కాలేదు. మామయ్య గారు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇస్తే అయిపోయేది కదా? ఏ ఫోనైనా ఒకటే. నేను ఏళ్ళ తరబడి అదే వాడుతున్నాను, పక్కనున్న మనిషికైనా అలాగే పంపుతాను.

రాతిరిరైలు · రాత్రి 9:24

ఒకే మంచం మీద పక్కపక్కన ఉన్న రెండు ఫోన్ల మధ్య ఫైల్‌ని ప్రపంచం చుట్టూ తిప్పి తేవడం నాకు నచ్చదు. ఎక్కించడానికి ఒకసారి, దించుకోవడానికి ఇంకోసారి. ఇళ్ళల్లో చాలా కనెక్షన్లకి ఎక్కించే వేగం దించే వేగం కంటే తక్కువ. 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఉంటే ఈ వీడియో ఎక్కడానికే గంటన్నర. పైగా ఆయన డ్రైవ్‌లో చోటు ఉండాలి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిలూ ఫొటోలూ అప్పటికే సగం నింపేసి ఉంటాయి.

మబ్బుమూట · రాత్రి 9:28

చోటు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఒకటి చెప్పనివ్వండి. రేపు ఆరు దాటాక మామయ్య గారు ఊరు వెళ్ళిపోయాక లోకల్‌సెండ్ ఏం చేస్తుంది? ఏమీ చేయలేదు. ఈ రాత్రి కుదరకపోతే నా దారే మిగులుతుంది. అలాగే వీడియో ఒక్క ఫోన్‌లోనే ఉండిపోవడం కూడా ప్రమాదమే.

సిగ్నల్‌స్తంభం · రాత్రి 9:31

మబ్బుమూట గారు చెప్పినదాంట్లో చివరి మాట బంగారం. దూరంగా ఉన్నవాళ్ళకి క్లౌడ్, పక్కనున్నవాళ్ళకి వైఫై. రెండింటికీ పోటీ లేదు.

పాతరేడియో · రాత్రి 9:35

ఖాళీగా ఉన్నాం కాబట్టి ఒక ముచ్చట. ఈ బ్లూటూత్ పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. విడివిడిగా ఉన్నవాళ్ళని ఒక్కటి చేశాడని ఆయనకి పేరు. ఫోన్లనీ కంప్యూటర్లనీ కలిపే పద్ధతికి అది సరిపోతుందని పెట్టారు. ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా కలిసి 1998లో దానికి సంఘం కట్టాయి. ఆ గుర్తు చూడండి, ఆ రాజు పేరులోని రెండు పొడి అక్షరాలని ఉత్తర ఐరోపా వాళ్ళ పాత రూన్ లిపిలో రాసి ఒకదాని మీద ఒకటి పెట్టినదే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది అది పనిచేసే తీరు. మామూలు బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 79 చిన్న చిన్న ఛానెళ్ళ మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతుంది. ఒక చోట రొద ఉంటే మరుక్షణం ఇంకో చోట ఉంటుంది. ఇలా గెంతుతూ సంకేతం పంపాలనే ఆలోచన పాతదే. నటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి 1942లోనే టార్పెడోలని నడిపించడానికి దీని మీద పేటెంట్ తీసుకున్నారు. అందులో 88 పౌనఃపున్యాలు, పియానో మీటలు ఎన్నో అన్ని. మొదటిసారి అది తెలిసినప్పుడు నా పాత రేడియో ముందు కూర్చుని చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

వెన్నెలబాట · రాత్రి 9:40

అయ్యో, ఆగిపోయింది. 61 శాతం దగ్గర. ఫోన్ పక్కన పెట్టి అమ్మమ్మకి మందులు ఇచ్చి వచ్చేసరికి నా ఫోన్ తెర ఆరిపోయి ఉంది. తెరిచి చూస్తే ఎర్రక్షరాలు. మళ్ళీ మొదటి నుంచా?

రాతిరిరైలు · రాత్రి 9:42

తెర ఆరితే ఐఫోన్ వెనకున్న యాప్‌లని నిద్రపుచ్చేస్తుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్, ఆటో లాక్, నెవర్. లో పవర్ మోడ్ ఆన్‌లో ఉంటే అది మార్చనివ్వదు, ముందు దాన్ని ఆపండి. మామయ్య ఫోన్‌లో కూడా తెర ఆరే సమయం పెంచండి, బ్యాటరీ సేవర్ ఆపండి. అయిపోయాక రెండూ మళ్ళీ మామూలుగా పెట్టుకోండి.

సిగ్నల్‌స్తంభం · రాత్రి 9:51

కంగారు పడకండి. మొదటి నుంచే పంపాలి, కానీ ఈసారి గంట పట్టనివ్వం.

మీకు 2.1 ఎంబీ వేగమే ఎందుకు వచ్చిందంటే, ప్రతి ముక్కా మామయ్య ఫోన్ నుంచి రౌటర్‌కి గాలిలో ఒకసారి, రౌటర్ నుంచి మీ ఫోన్‌కి గాలిలో ఇంకోసారి ప్రయాణం చేసింది. రెండు ఫోన్లూ బహుశా 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్‌లో, అంటే ఆ రేడియో తరంగాల దారిలో, ఉన్నాయి. అక్కడ ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్ళు మూడే, 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలు, బ్లూటూత్‌లు, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ సందులోనే తోసుకుంటాయి.

కాబట్టి రౌటర్‌ని మధ్యలోంచి తీసేద్దాం. మామయ్య ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి. ఆపకపోతే మీ ఐఫోన్ ఆయన డేటా మీద ఫొటోల బ్యాకప్ మొదలుపెట్టే అవకాశం ఉంది. తర్వాత హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ అని ఉంటుంది, దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి హాట్‌స్పాట్ ఆన్ చేయండి. మీ ఐఫోన్‌ని ఆ హాట్‌స్పాట్‌కి కలపండి. ఇంటర్నెట్ లేదని ఐఫోన్ చెబుతుంది, చెప్పనివ్వండి. ఫైల్ పంపడానికి ఇంటర్నెట్ అవసరం లేదు, రెండు ఫోన్ల మధ్య దారి ఉంటే చాలు. రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టండి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది గానీ గోడలంటే దానికి పడదు.

లోకల్‌సెండ్ రెండు చోట్లా మూసి మళ్ళీ తెరవండి.

నల్లబల్ల · రాత్రి 9:56

ఇంటర్నెట్ లేకుండా హాట్‌స్పాట్ ఏంటని చాలాకాలం నాకూ అర్థమయ్యేది కాదు. వైఫై అంటే ఇంటర్నెట్ అనే అలవాటు మనకి అంతగా పడిపోయింది. మా బడి కార్యక్రమం ఫొటోలు ఒకసారి సిగ్నల్ అసలే లేని చోట పదిమందికి ఇలాగే పంచాను. ఆండ్రాయిడ్ ఫోన్‌తో కలిసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. "ఈ నెట్‌వర్క్‌కి ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా" అని అది అడుగుతుంది. ఉండాలి అని నొక్కకపోతే మనకి చెప్పకుండా మొబైల్ డేటాలోకి వెళ్ళిపోతుంది, అప్పుడు పంపేవాళ్ళ ఫోన్ కనబడదు.

వెన్నెలబాట · రాత్రి 10:03

సెకనుకు 28 ఎంబీ!! మీటరు చూస్తుండగానే 40 శాతం అయిపోయింది. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తున్నారు.

వెన్నెలబాట · రాత్రి 10:09

వచ్చేసింది. నాలుగు నిమిషాల చిల్లర. కానీ ఒక అనుమానం. మామయ్య ఫోన్‌లో 6.43 జీబీ అని ఉంది, నా ఫోన్‌లో 6.9 జీబీ చూపిస్తోంది. పెరగడం ఏంటి? ఏదైనా తేడా జరిగిందా?

పాతరేడియో · రాత్రి 10:14

రెండూ ఒకటే తల్లీ, కొలబద్దలు వేరు. ఐఫోన్ ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కేస్తుంది. మీ మామయ్య ఫోన్‌లోని ఫైల్ మేనేజర్ పాత పద్ధతిలో 1,024ని మూడుసార్లు హెచ్చవేసి, అంటే 107 కోట్ల పైచిలుకు బైట్లని ఒక జీబీ అంటోంది. 6.43ని 1.0737తో హెచ్చవేసి చూడు, 6.9 వస్తుంది. నమ్మకం కుదరాలంటే రెండు చోట్లా ఫైల్ వివరాల్లో బైట్ల సంఖ్య ఉంటే పోల్చు. తర్వాత వీడియో చివరి నిమిషం ఆడించి చూడు. సగంలో తెగిన ఫైల్ అయితే అక్కడ దొరికిపోతుంది.

వెన్నెలబాట · రాత్రి 10:21

రెండు చోట్లా 6,90,43,12,576. అంకె అంకె సరిపోయింది. చివరి నిమిషం కూడా చూశాను. అమ్మమ్మ "ఇంక చాలు, ఆపు" అని చెయ్యి అడ్డం పెట్టే దాకా ఉంది. ముడతలు, కళ్ళ మెరుపు, చెవి కమ్మ ఊగడం, అన్నీ ఉన్నాయి. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఇంకో మాట అడగాలని ఉంది. నా స్నేహితుల ఐఫోన్ల మధ్య ఫైళ్ళు పంపే ఎయిర్‌డ్రాప్ అయితే ఇవేవీ చేయకుండానే పోతుంది కదా. వైఫై పేరు చూడం, హాట్‌స్పాట్ పెట్టం. అదెలా?

సిగ్నల్‌స్తంభం · రాత్రి 10:34

మంచి ప్రశ్న. ఇది అర్థమైతే సగం తలనొప్పులు పోతాయి, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

వైర్ లేకుండా ఫైల్ పోవడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది, ఒక ఫోన్ ఇంకో ఫోన్‌కి కనబడటం. రెండోది, ఫైల్ మోయడం. ఎయిర్‌డ్రాప్ మొదటి పనికి బ్లూటూత్‌ని వాడుతుంది. బ్లూటూత్ బ్యాటరీ తక్కువ తాగుతుంది, "నేనిక్కడున్నాను" అని అస్తమానం పిలుస్తూ ఉండగలదు. అవతలి వ్యక్తి సరే అనగానే, మోసే పని వైఫైకి అప్పగిస్తుంది. అదీ రౌటర్‌తో పని లేకుండా, రెండు ఫోన్ల వైఫై చిప్‌లు నేరుగా మాట్లాడుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్‌దీ ఇదే తీరు. గూగుల్ 2020లో నియర్‌బై షేర్ అని తెచ్చింది, 2024 జనవరిలో శాంసంగ్ క్విక్ షేర్‌తో కలిపేసి ఆ పేరే ఉంచారు. వెనకాల ఎక్కువగా వాడేది వైఫై డైరెక్ట్, అంటే ఒక ఫోన్ కాసేపు చిన్న రౌటర్‌లా మారడం. ఇందాక మీరు హాట్‌స్పాట్‌తో చేతితో చేసిన పనే అవి చెప్పకుండా చేస్తాయి.

అందుకే ఎవరైనా "పోవడం లేదు" అంటే నేను ముందు అడిగేది ఏ పని ఆగిందని. పేరే కనబడకపోతే బ్లూటూత్, అనుమతులు, గెస్ట్ వైఫై చూడాలి. పేరు కనబడి, నొక్కాక తిరుగుతూ ఉండిపోతే వైఫై ఆఫ్‌లో ఉందేమో, వీపీఎన్ ఉందేమో, హాట్‌స్పాట్ అప్పటికే వేరే పనిలో ఉందేమో చూడాలి. రెండూ బాగుండి మధ్యలో తెగితే తెర ఆరడం, బ్యాటరీ సేవర్, చోటు నిండిపోవడం. మీకు ఈ రాత్రి మొదటి రకం రెండుసార్లు, మూడో రకం ఒకసారి తగిలాయి.

రాతిరిరైలు · రాత్రి 10:38

ఒక చేర్పు. పాత ఆండ్రాయిడ్‌లలో, 6 నుంచి 11 దాకా, పక్క పరికరాలని వెతకడానికి లొకేషన్ అనుమతి అడిగేవి. ఫైల్ పంపడానికి లొకేషన్ ఎందుకని చాలామంది ఇచ్చేవాళ్ళు కాదు, తర్వాత పేరు కనబడటం లేదని విసుక్కునేవాళ్ళు. చుట్టూ ఉన్న బ్లూటూత్, వైఫై గుర్తులని బట్టి మనమెక్కడున్నామో పట్టుకోవచ్చు, అందుకే ఆ ముడి. ఆండ్రాయిడ్ 12 నుంచి "పక్కనున్న పరికరాలు" అని విడిగా ఒక అనుమతి పెట్టారు.

ఇంకొకటి, 2025 నవంబరులో గూగుల్ క్విక్ షేర్‌ని ఎయిర్‌డ్రాప్‌తో కలిసేలా చేసింది, తన పిక్సెల్ 10 ఫోన్లతో మొదలు. ఐఫోన్‌లో "అందరికీ, 10 నిమిషాలు" అని పెడితే ఆ ఆండ్రాయిడ్ కనబడుతుంది. వెన్నెలబాట గారి మామయ్య ఫోన్ లాంటి వాటికి ఇప్పటికి లోకల్‌సెండే నమ్మకం.

చిన్నచుక్క · రాత్రి 10:41

ఆ 10 నిమిషాల లెక్క ఎందుకు? నాకు రోజూ మార్చుకోవడం చికాకుగా ఉంటుంది.

నల్లబల్ల · రాత్రి 10:46

దానివల్ల నాకు మేలే జరిగింది. అంతకుముందు నా ఎయిర్‌డ్రాప్ ఎప్పుడూ "అందరికీ" మీదే ఉండేది. ఒకసారి రైల్లో ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరో ఫొటో పంపారు. సరే అనకముందే దాని చిన్న బొమ్మ తెర మీద కనబడింది. చూడకూడని బొమ్మ. పక్కన మా పాప ఉంది. ఎవరు పంపారో ఆ పెట్టెలో వెతకలేం కదా. ఐఓఎస్ 16.2 నుంచి అందరికీ అనేది 10 నిమిషాల తర్వాత తనంతట తనే కాంటాక్ట్స్‌కి మాత్రమే అని మారిపోతోంది. ఆండ్రాయిడ్ క్విక్ షేర్‌లోనూ "కాంటాక్ట్స్" అనో "మీ పరికరాలు" అనో పెట్టుకోండి, పని పడినప్పుడు మాత్రమే తెరవండి. ఆడపిల్లలున్న ఇళ్ళల్లో ఈ ఒక్క సెట్టింగ్ తప్పకుండా చూడమని నేను అందరికీ చెబుతాను.

సిగ్నల్‌స్తంభం · రాత్రి 10:52

చాలా అవసరమైన మాట. దానికి తోడు ఫొటోల్లో తీసిన చోటు గుర్తు కూడా దాగి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు పంపితే అదీ వెళ్తుంది. ఇంట్లోవాళ్ళకైతే ఫరవాలేదు. పరిచయం తక్కువైన వాళ్ళకి పంపేటప్పుడు ఐఫోన్‌లో షేర్ తెర పైన ఆప్షన్స్ నొక్కి లొకేషన్ తీసేయండి.

మరొకటి. కొన్ని ఫైల్ మేనేజర్లలో ఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపే పాత పద్ధతి) అని ఉంటుంది, కంప్యూటర్‌లోని ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 192.168తో మొదలయ్యే అడ్రస్ కొట్టమంటుంది. మీ సొంత ఇంట్లో, మీ హాట్‌స్పాట్ మీద వాడుకోండి. బయటి వైఫైలో వద్దు. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్‌తో సహా అంతా తెరిచిన ఉత్తరంలా పోతుంది. లోకల్‌సెండ్ అయితే ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా మార్చే, పంపుతుంది.

మబ్బుమూట · రాత్రి 11:05

ఈరోజు చాలా నేర్చుకున్నాను. ఒప్పుకోవాల్సిన మాట ఒప్పుకోవాలి, ఇందాక నా ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి 3 జీబీ ఫోల్డర్ హాట్‌స్పాట్ మీద పంపి చూశాను. డ్రైవ్‌లో ఎక్కించడానికే అరగంట పట్టేది, ఇది రెండు నిమిషాల్లో అయింది. ఇకనుంచి పక్కనున్నవాళ్ళకి ఇదే.

మరి ఈ వీడియోని అమ్మమ్మ గారికి టీవీలో పెద్దగా చూపించాలంటే?

పాతరేడియో · రాత్రి 11:13

రెండు రకాలున్నాయి. తెర మొత్తాన్ని టీవీలో చూపించడం ఒకటి. అందులో ఫోన్ తన తెరని క్షణక్షణం మళ్ళీ వీడియోగా మార్చి పంపుతుంది, బొమ్మ కొంచెం నలుగుతుంది, ఫోన్ వేడెక్కుతుంది, ఎవరైనా ఫోన్ చేస్తే అదీ టీవీలో కనబడుతుంది. రెండోది వీడియోని మాత్రమే టీవీకి అప్పగించడం, క్యాస్ట్ లేదా ఎయిర్‌ప్లే. అప్పుడు టీవీయే ఫైల్ అందుకుని ఆడిస్తుంది, ఫోన్ రిమోట్‌లా ఉంటుంది. నాణ్యత కావాలంటే రెండోదే. టీవీ, ఫోన్ ఒకే వైఫైలో ఉండాలి, గెస్ట్‌లో కాదు.

పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడదామనుకుంటే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందేమో చూసుకోండి. ఆ పద్ధతిలో ఒక్క ఫైల్ 4 జీబీకి మించకూడదు. పెన్‌డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉన్నా సరిపోదు పొమ్మంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పడుతుంది. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే తీసి పెట్టుకోండి.

వెన్నెలబాట · మర్నాడు ఉదయం 7:20

మామయ్య ఆరింటికి బయల్దేరారు. వెళ్ళేముందు ఇంకో పని చేశాం. ఆయన ఫోన్‌లో అమ్మమ్మవి ఇంకా 212 ఫొటోలు దొరికాయి, హాట్‌స్పాట్ మీద అవీ తెచ్చేసుకున్నాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మబ్బుమూట గారు చెప్పినట్టు రాత్రంతా వీడియోని క్లౌడ్‌లో ఎక్కించి పెట్టాను, ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ ఉంది.

పొద్దున కాఫీ వేళకి అమ్మమ్మకి టీవీలో పెట్టి చూపించాను. తనని తాను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. తర్వాత టీవీలో తను చెబుతున్న మాటకి ముందే తర్వాతి మాట తనే చెప్పడం మొదలుపెట్టింది.

పిన్ని కూడా వచ్చింది. ఇప్పుడు తన ఫోన్‌కి పంపుతున్నాను. 5 గిగాహెర్ట్జ్, రెండు ఫోన్లూ బల్ల మీద, తెరలు వెలిగే ఉన్నాయి. 43 శాతం అయింది.